టొరొంటో ఒడ్డున హార్లెక్విన్ బాతు కోసం నాలుగు వారాలు

పోయిన జనవరిలో ఒక శనివారం రాత్రి గిన్నెలు సర్దేసి ఫోన్ చూస్తే, పక్షుల్ని చూసేవాళ్లు ఎక్కడ ఏం చూశారో పెట్టుకునే ఈబర్డ్ నుంచి అలర్ట్ వచ్చి ఉంది. ఒంటారియో సరస్సు మీద హంబర్ బే ఒడ్డున హార్లెక్విన్ బాతు. ఒకటే. మగది. ఎవరో మధ్యాహ్నం మూడింటికి చూశారట. కింద ఒక ఫోటో కూడా పెట్టారు. బూడిదరంగు నీళ్లలో ఒక నల్లటి చుక్క, అంతే. ఆ చుక్కని వేళ్లతో పెద్దది చేసి చేసి చూశాను. మొహం మీద తెల్లటి నెలవంక లాంటి మచ్చ కనబడింది. ఇక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మేం ఉండేది మిస్సిసాగాలో, పోర్ట్ క్రెడిట్ దగ్గర. అక్కణ్ణుంచి హంబర్ బేకి కారులో అరగంట లోపే. ఈ బాతు కోసం మూడు చలికాలాలుగా ఎదురుచూస్తున్నాను. ఎక్కడో ఒక చోట వచ్చిందని తెలిసేది. నేను వెళ్లేలోపు వెళ్లిపోయేది, లేకపోతే ఆఫీసులో నెలాఖరు లెక్కలు అడ్డొచ్చేవి. ఈసారి మాత్రం వదలకూడదని ఆ రాత్రే అనుకున్నాను.

హార్లెక్విన్ సముద్రపు బాతు. ఎండాకాలంలో లాబ్రడార్, ఉత్తర క్యుబెక్ వైపు కొండవాగుల్లో, నీళ్లు రాళ్ల మీద నుంచి దూకుతూ తెల్లగా పొంగే చోట పిల్లల్ని చేస్తుంది. చలి మొదలవగానే అట్లాంటిక్ ఒడ్డుకి వెళ్లిపోతుంది. అక్కడ కూడా దానికి మెత్తటి ఇసుక ఒడ్డు పనికిరాదు. అలలు బండలకి కొట్టుకుని విరిగే చోటే కావాలి. మిగతా బాతులు దూరంగా తప్పుకునే ఆ పోటులోకి ఇది దిగుతుంది, మునుగుతుంది, రాళ్ల సందుల్లో దొరికే చిన్న చిన్న పురుగుల్ని, నత్తల్ని ఏరుకు తింటుంది. మ్యూజియంలలో ఉన్న వీటి అస్థిపంజరాలు పరిశీలిస్తే చాలావాటిలో విరిగి అతుక్కున్న ఎముకలు కనబడ్డాయి. బండల మధ్య బతుకు అంటే అంత దెబ్బల బతుకన్నమాట. బరువు చూస్తే అరకిలో పైచిలుకు, అంతే.

తూర్పు కెనడాలో వీటిని 1990లో అంతరించిపోయే ప్రమాదమున్న జాతిగా ప్రకటించారు. వేట ఆపేశాక మెల్లగా కోలుకున్నాయి. 2001లో ఒక మెట్టు తగ్గించి, ప్రత్యేకంగా కనిపెట్టి ఉండాల్సిన జాతుల జాబితాలో పెట్టారు. ఒంటారియో సరస్సు మంచినీళ్లది, సముద్రం ఇక్కడికి చాలా దూరం. అయినా అప్పుడప్పుడు ఒకటో రెండో ఇటు వచ్చి, నచ్చిన రాళ్ల ఒడ్డు దొరికితే నెలల తరబడి ఉండిపోతాయి.

పేరు గురించి ఒక మాట. హార్లెక్విన్ అంటే పాతకాలపు ఇటలీ నాటకాల్లో రంగురంగుల ముక్కలు కుట్టిన బట్టలు వేసుకునే వేషగాడు. లాటిన్ పేరు హిస్ట్రియోనికస్. దానర్థం కూడా నటుడికి సంబంధించినదనే. ఇది చదివినప్పుడు నాకు మా కైకలూరులో చిన్నప్పుడు చూసిన పగటివేషాలు గుర్తొచ్చాయి. అర్ధనారీశ్వర వేషం కట్టిన ఆయన ఒక పక్కకి తిరిగితే శివుడు, ఇంకో పక్కకి తిరిగితే పార్వతి. మధ్యలో గీత గీసినట్టు రంగు మారేది. ఈ బాతు మొహం మీద, మెడ మీద తెల్లటి పట్టీలు కూడా ఎవరో కుంచెతో జాగ్రత్తగా దిద్దినట్టే ఉంటాయి. ఆ పోలిక తోచిన రోజు నుంచీ నా మనసులో దాని పేరు పగటివేషగాడే.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఎనిమిదిన్నరకల్లా హంబర్ బే ఈస్ట్ పార్కులో ఉన్నాను. మైనస్ పదకొండు డిగ్రీలు. గాలి లేదు. ఆకాశం నీలంగా, మబ్బు తునక లేకుండా ఉంది. ఎంత మంచి రోజు దొరికిందో అనుకున్నాను.

ఈ పార్కు సహజంగా ఏర్పడిన నేల కాదు. మట్టి, రాళ్లు తెచ్చి సరస్సులో పోసి, వేళ్లలా ముందుకి సాగదీసి కట్టారు. 1984లో జనానికి తెరిచారు. వెనక్కి తిరిగితే గోడలా వరసగా అపార్ట్‌మెంట్ టవర్లు, తూర్పు వైపు దూరంగా సీఎన్ టవర్. ఇంత ఊరు ఆనుకుని ఉన్న ఒడ్డున చలికాలంలో ఎన్ని బాతులుంటాయో చెబితే చూడనివాళ్లు నమ్మరు. పొడవు తోక బాతులు వందల్లో ఉంటాయి. ఆర్కిటిక్ నుంచి వస్తాయవి, 60 మీటర్ల లోతు దాకా మునగగలవు. బాతు కూత అంటే మనకి తెలిసిన క్వాక్ క్వాక్‌లా ఉండదు వాటిది. దూరం నుంచి వింటే ఎవరో ఆడుతూ పాడుతూ పిలుస్తున్నట్టు ఉంటుంది. బఫుల్‌హెడ్‌లు, గోల్డెన్‌ఐలు, జుట్టు రేగినట్టుండే మెర్గాన్సర్లు కూడా ఉంటాయి. అన్నీ కలిసి నీళ్ల మీద చల్లినట్టు కనిపిస్తాయి.

ఆ రోజు నాకు అవన్నీ నల్లగానే కనబడ్డాయి. టొరొంటో ఒడ్డు దక్షిణం వైపు చూస్తుంది. జనవరిలో సూర్యుడు పొద్దంతా దక్షిణాన, కిందకే ఉంటాడు. మబ్బు లేని రోజు నీళ్ల వైపు చూస్తే సూర్యుడికి ఎదురుగా చూడ్డమే. నీళ్లు అద్దంలా మెరిసిపోతాయి, ప్రతి బాతూ నీడబొమ్మ అయిపోతుంది. రెండు గంటలు స్కోప్‌లో, అంటే కాళ్ల మీద నిలబెట్టే దుర్భిణిలో, చూసి చూసి కళ్లు నీళ్లు కారాయి. ఊపిరి ఆవిరి కంటి అద్దానికి తగిలి మంచులా గడ్డకట్టేది. గ్లవ్స్ తీసి వేలితో గీకి మళ్లీ చూసేదాన్ని. మూడుసార్లు తీసేసరికి కుడిచేతి వేళ్లు మొద్దుబారిపోయాయి. మంచి ఎండ రోజు ఈ పనికి మంచి రోజు కాదని నాకు తెలిసింది ఆ పూటే.

రెండో వారం ఇంకో పద్ధతి పెట్టుకున్నాను. ఒకే చోట నిలబడి వెతకడం కాకుండా ఒడ్డంతా ముక్కలు ముక్కలుగా చూడాలని. మిమికో వాగు కలిసే చోటు నుంచి మొదలుపెట్టి, పడమటి వైపు ఒక్కో వీధి చివర ఆగుతూ, కిప్లింగ్ అవెన్యూ చివర ఉన్న కల్నల్ శామ్యూల్ స్మిత్ పార్కు దాకా. అక్కడ వీధులు చాలావరకు నీళ్ల దగ్గరే ఆగిపోతాయి. కొన్ని చోట్ల చిన్న పార్కు ఉంటుంది, కొన్ని చోట్ల కంచె, దాని అవతల రాళ్లు. కారు ఆపడం, దిగడం, పది నిమిషాలు చూడటం, చేతులు వెచ్చబెట్టుకోవడం, మళ్లీ బండి తీయడం. ఎక్కడ ఏం చూశానో చిన్న నోట్‌బుక్కులో పెన్సిలుతో రాసుకున్నాను. ఆ చలిలో పెన్నులో ఇంకు గడ్డకడుతుంది.

లెక్కపెట్టడం కూడా తేలిక కాదు. మునిగే బాతుల్ని ఒకసారి చూసి వదిలేస్తే లాభం లేదు. ఇరవై కనబడుతుంటే ఇంకో పది నీళ్ల కింద ఉంటాయి. ఒక గుంపుని మూడుసార్లు లెక్కపెడితే మూడు లెక్కలు వస్తాయి. అందుకని ఒక గుంపు దగ్గర కనీసం ఐదు నిమిషాలైనా ఆగాలి. నేనాగాను.

మధ్యాహ్నం శామ్ స్మిత్‌లో, అందరూ ఈ పార్కుని అలాగే పిలుస్తారు, గుండె ఆగినంత పనైంది. రాళ్ల పక్కన ఒంటరిగా ఒక చిన్న గోధుమరంగు బాతు. మొహం మీద తెల్లటి మచ్చ. ఆడ హార్లెక్విన్ కూడా ఇలాగే ఉంటుంది, మగదానితో పాటు ఆడది కూడా వచ్చిందేమో అనుకున్నాను. ఇంకా సరిగ్గా చూద్దామని రెండు బండలు దాటి ముందుకి వెళ్లాను. అలల తుంపర పడి ఆ బండలన్నీ గాజు పూత పూసినట్టు మెరుస్తున్నాయి. బూట్లకి కట్టుకునే ముళ్ల పట్టీలు కారులోనే ఉండిపోయాయి. కాలు జారి మోకాలి మీద పడ్డాను. స్కోప్ పక్కకి ఒరిగి బండకి తగిలింది గానీ అద్దం పగల్లేదు. కూర్చున్నచోటే కూర్చుని బైనాక్యులర్స్‌తో మళ్లీ చూశాను. మచ్చ ఒకటే. కంటి వెనక, అడ్డంగా, సన్నగా. ఆడ హార్లెక్విన్‌కి ఒక్కో వైపు మూడు మచ్చలుండాలి. ఇది ఆడ బఫుల్‌హెడ్.

ఆ సాయంత్రం మోకాలికి ఐస్ పెట్టుకుంటూ ఇంట్లోవాళ్లకి మాట ఇచ్చాను, మళ్లీ ఆ బండల మీదికి దిగనని, అక్కడికి ఒంటరిగా వెళ్లనని. మీలో ఎవరైనా వెళితే దయచేసి ఈ ఒక్కటి మాత్రం వినండి. నీళ్లు రెండు మూడు డిగ్రీలుంటాయి. పడితే పైకెక్కడానికి పట్టు దొరకదు. ఒంటరిగా అసలు వెళ్లొద్దు.

మూడో ఆదివారం లెస్లీ స్పిట్‌కి వెళ్లాను. ఊరి తూర్పు వైపు నుంచి సరస్సులోకి 5 కిలోమీటర్లు పొడుచుకు వచ్చిన నేల అది. టామీ థాంప్సన్ పార్కు అని కూడా అంటారు. కూల్చేసిన భవనాల రాళ్లు రప్పలు లారీల్లో తెచ్చి దశాబ్దాల పాటు పోస్తూ కట్టారు. పని రోజుల్లో పగలు లారీలు తిరుగుతాయి కాబట్టి శని, ఆదివారాల్లోనే పొద్దున్నుంచీ తిరగనిస్తారు. అక్కడ నడుస్తుంటే కాలి కింద పాత టొరొంటో కనబడుతుంది. అలలు అరగదీసి గుండ్రంగా చేసిన ఇటుకలు, బాత్రూం గోడల పలకలు, కాంక్రీటులోంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు. ఒక ఇటుక చేతిలోకి తీసుకుంటే అంచులు సబ్బుబిళ్లలా నునుపుగా ఉన్నాయి.

అక్కడ నిలబడితే నాకు కొల్లేరు గుర్తు రాకుండా ఉండదు. మా నాన్న పాతికేళ్లు చేపల చెరువుల మీద పని చేశారు. సరస్సులో గట్లు పోసుకుంటూ వెళ్లి చెరువులు చేశారు మావైపు. 2006లో ప్రభుత్వం ఆ గట్లు కొట్టేయించింది. నాన్న పని చేసిన చెరువు కూడా పోయింది. ఆ ఏడాది మా ఇంట్లో ఎలా గడిచిందో నాకు బాగా గుర్తు. అలాగే, గట్లు తెగిన చోట నీళ్లు పరుచుకున్నాక పరజలు గుంపులుగా దిగిన రోజు నాన్న నన్ను సైకిల్ మీద తీసుకెళ్లి చూపించడం కూడా గుర్తు. పని పోయిన మనిషి, పక్షులొచ్చాయని సంతోషపడ్డారు. నాకు పక్షుల పిచ్చి పట్టింది అక్కడే. ఇక్కడేమో సరస్సులో పోసిన ఇటుక ముక్కల మీద పక్షులు గూళ్లు కడుతున్నాయి. ఉత్తర అమెరికాలో పెద్దవని చెప్పుకునే నీటికాకుల కాలనీల్లో ఒకటి ఈ స్పిట్ మీదే ఉంది. ఏది చెడగొట్టడం, ఏది కట్టడం అని ఒక్క మాటలో చెప్పగలిగేంత తేలిక కాదు ఈ విషయం.

స్పిట్‌లో ఒక సుఖం ఉంది. చివరిదాకా వెళ్లి ఊరి వైపు తిరిగితే సూర్యుడు వీపు మీద ఉంటాడు. బాతుల రంగులన్నీ బయటపడతాయి. గోల్డెన్‌ఐ కన్ను నిజంగా బంగారంలా ఉంటుందని ఆ రోజే సరిగ్గా చూశాను. కానీ హార్లెక్విన్ లేదు. చివర్న లైట్‌హౌస్ దగ్గర థర్మోస్‌లో టీ పోసుకుంటుండగా ఫోన్ మోగింది. హంబర్ బేలో మళ్లీ చూశారట, ఇప్పుడే, పావుగంట క్రితం.

5 కిలోమీటర్లు వెనక్కి నడవాలి. నడిచాను. మోకాలు సలుపుతున్నా నడిచాను. కారెక్కి ఊరి మధ్యలోంచి అటు చివరికి వెళ్లేసరికి దాదాపు రెండు గంటలు పట్టింది.

అక్కడ ఆరేడుగురున్నారు. ఎవరి మొహంలోనూ సంతోషం లేదు. ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన, ముప్పై ఏళ్లుగా ఈ ఒడ్డున పక్షుల్ని చూస్తున్నానని తర్వాత చెప్పారు, జరిగింది చెప్పారు. బాతు రాయి మీదికెక్కి ఈకలు సర్దుకుంటోందట. అందరూ దూరం నుంచి చూస్తున్నారట. ఇంతలో ఎవరో ఒకాయన పెద్ద కెమెరా పట్టుకుని బండల మీద నుంచి కిందికి, కిందికి దిగుతూ దాదాపు పక్కకే వెళ్లాడట. వద్దని అరిచినా వినలేదట. అది లేచి పడమటి వైపు వెళ్లిపోయింది. పది నిమిషాలైంది.

నాకు ఏడుపొచ్చింది. పది నిమిషాలు తప్పిపోయినందుకు కాదు, లేదా అందుకొక్కదానికే కాదు. ఆ చలిలో ఆ పిడికెడు ప్రాణం బతకాలంటే పొద్దస్తమానం తింటూనే ఉండాలి. మునగడం, తినడం, రాయెక్కి ఈకలకి నూనె పట్టించుకోవడం. ఆ ఈకలు తడవకుండా ఉన్నంతసేపే దానికి వెచ్చదనం. ఒక ఫోటో కోసం దాన్ని లేపేస్తే తినాల్సిన టైమ్ పోతుంది, దాచుకున్న బలం పోతుంది. ఫోటో బాగా వచ్చే ఉంటుంది. అయినా సరే, అది తప్పు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ మర్నాడు పొద్దున ఏడున్నర. అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు.

"ఏమ్మా అమ్మలూ, గొంతు అదోలా ఉంది?"

మొత్తం చెప్పాను. ఎక్కడెక్కడ వెతికానో, ఏమైందో. ఆయన మధ్యలో మాట్లాడకుండా విన్నారు. తర్వాత ఒకటే అడిగారు.

"అది ఏం తింటది?"

రాళ్లకి పట్టుకుని ఉండే పురుగులు, చిన్న నత్తలు అన్నాను.

"మరి నువ్వు వెళ్లిన రోజుల్లో గాలి ఎటు తోలింది?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. గాలి లేని రోజులు, లేకపోతే ఉత్తరం గాలి తోలే రోజులు చూసుకుని వెళ్లాను. అలాంటి రోజుల్లో ఒడ్డు దగ్గర నీళ్లు కదలవు, బాతులు బాగా కనబడతాయి, అలల తుంపర మన మీద పడదు. నా సుఖం చూసుకున్నాను.

"నువ్వు బాతుని వెతుకుతున్నావమ్మా. దాని మేత ఎక్కడుందో వెతుకు. మన చెరువుల్లో తవుడు వేస్తే గాలి ఏ మూలకి తోలితే ఆ మూలకి చేరేది కదా. చేపలూ అక్కడే, కొంగలూ అక్కడే. పొద్దున్నే గట్టెక్కి ముందు గాలి చూసుకునేవాళ్లం, తర్వాతే నీళ్లు."

ఇది నాకు తెలియని సంగతి కాదు. ఈ బాతుకి అల విరిగే చోటే కావాలని నేనే పుస్తకాల్లో చదివాను, పైన మీకు రాశాను కూడా. చదివింది ఒకటి, వెతికింది ఇంకోటి. ఫోన్ పెట్టేశాక మ్యాప్ తెరిచి కూర్చున్నాను. ఒంటారియో సరస్సు తూర్పు పడమరలుగా 300 కిలోమీటర్ల పైన పొడవు. టొరొంటో దాదాపు పడమటి చివర. ఉత్తరం నుంచి గాలి వస్తే అది నేల మీద నుంచి వస్తుంది, ఒడ్డు దగ్గర అల లేవదు. తూర్పు నుంచి వస్తే అన్ని కిలోమీటర్ల నీళ్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చి, అల పెంచుకుంటూ వచ్చి, నేరుగా ఈ ఒడ్డుకి కొడుతుంది. తూర్పుకి తిరిగి, లోతు నీళ్లకి ఎదురుగా, పెద్ద పెద్ద బండలు పేర్చిన మూలలు ఎన్నున్నాయో గుర్తు పెట్టుకుంటూ వెళ్లాను. హంబర్ బే నుంచి పడమటి వైపు అలాంటివి మూడే దొరికాయి. అందులో ఒకటి శామ్ స్మిత్ బయటి కొస. రెండో వారం నేను ఆ పార్కులో లోపలి వైపు, పడవలు కట్టే చోటే ఎక్కువసేపు గడిపాను. అక్కడ గాలి తగలదని.

నాలుగో వారం గురువారానికి తూర్పు గాలి, మబ్బు, మధ్యాహ్నం నుంచి మంచు అని వాతావరణ సూచన. ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టాను. ఎర్ర టోపీ పెద్దాయన ఫోన్ నంబర్ ఆ ఆదివారమే ఇచ్చారు కాబట్టి ఆయన్నీ రమ్మన్నాను, ఒంటరిగా వెళ్లనని ఇంట్లో మాట ఇచ్చాను కదా.

శామ్ స్మిత్ పార్కు ఒకప్పటి మానసిక ఆస్పత్రి ముందు భాగం. ఆస్పత్రి 1979లో మూతపడింది. ఆ ఎర్ర ఇటుక భవనాల్లో ఇప్పుడు హంబర్ పాలిటెక్నిక్ నడుస్తోంది, 2024 దాకా దాని పేరు హంబర్ కాలేజీ. వాటిని దాటి, పెద్ద చెట్లు దాటి, సరస్సులో పోసిన నేల మీదికి వెళితే బయటి కొస వస్తుంది. ఆ రోజు అక్కడ నిలబడటమే కష్టంగా ఉంది. అల బండకి తగిలిన ప్రతిసారీ నేల లోపల్నుంచి దడదడమని వినిపించింది. తుంపర లేచి, గాలికి కొట్టుకొచ్చి, చెట్ల కొమ్మల మీద గడ్డకడుతోంది. కొమ్మలన్నీ గాజు గాజుల్లా ఉన్నాయి. పొడవు తోక బాతులు, గోల్డెన్‌ఐలు అన్నీ లోపలి వైపు నీడపట్టుకి వచ్చేశాయి. బయటి వైపు నీళ్లు ఖాళీ.

మేం దారి మీదే, బండలకి చాలా వెనగ్గా, ఒక పొద చాటున స్కోప్ పెట్టుకున్నాం. నీళ్ల వైపు చూడొద్దని నాకు నేనే చెప్పుకున్నాను. బండల కింది వరస ఒక్కటే చూడాలి. తెల్లటి నురగ ఎక్కడ లేస్తుందో అక్కడ. ఎడమ నుంచి కుడికి, ఒక్కో బండా. మళ్లీ కుడి నుంచి ఎడమకి. మబ్బు పట్టి ఉండటంతో మెరుపు లేదు. రాళ్ల మీద నాచు పచ్చదనం కూడా తెలుస్తోంది.

ఇరవై నిమిషాలైంది. నలభై అయింది. నాలుగో బండకీ ఐదో బండకీ మధ్య నురగ లోపలికి వెళ్లి మళ్లీ బయటికొస్తుంటే, ఆ నురగలో ఏదో ఒకటి నురగతో పాటు పోకుండా ఉన్నచోటే ఉండిపోయింది.

"అదిగో" అన్నాను తెలుగులోనే. పెద్దాయనకి అర్థమైంది.

పెద్ద అల వచ్చింది. అది మీద పడబోయే ఆఖరి క్షణంలో తల వంచి అల లోపలికి దూరింది. నేను ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను. పద్నాలుగు. పదిహేను. పదహారుకి అవతలి వైపు బెండుముక్కలా తేలింది. ఒంటి మీద ఒక్క నీటిచుక్క కూడా నిలవలేదు.

అప్పుడు రంగులు చూశాను. దూరం నుంచి నల్లగా కనబడేది నిజానికి నలుపు కాదు. పలక రంగు నీలం, వర్షం పడే ముందు మబ్బు రంగు. కంటి ముందు తెల్లటి నెలవంక. చెవి దగ్గర గుండ్రటి తెల్ల బొట్టు. మెడ చుట్టూ తెల్లటి పట్టీ, దానికి రెండు వైపులా సన్నటి నల్ల అంచు, పట్టుచీర జరీకి గీత పెట్టినట్టు. రొమ్ము పక్కన ఇంకో పట్టీ. డొక్కల మీద ఇటుక ఎరుపు. తల మీద, తెల్ల గీత పక్కనే అదే ఎరుపు సన్నగా. ఫోటోల్లో ఈ ఎరుపు నాకెప్పుడూ సరిగ్గా కనబడలేదు. కుంకుడుకాయ పైతోలు రంగుకి, కొత్త కుండ రంగుకి మధ్యలో ఉంటుందది.

ఒక అల తగ్గినప్పుడు అది బండ మీదికి ఎక్కింది. ఎక్కింది అంటే అలే తీసుకొచ్చి పెట్టినట్టు, అల వెనక్కి వెళ్లేసరికి రాతి మీద నిలబడి ఉంది. తోక పైకెత్తి, ఒళ్లంతా ఒకసారి దులిపి, ముక్కు తోక మొదట్లో రుద్దుకుని, ఆ నూనె తెచ్చి రొమ్ముకి రాసుకుంది. తర్వాత ఒక్కో రెక్క ఈకా ముక్కుతో దువ్వుకుంది. ఎడమ కాలు కొంచెం కుంటినట్టు అనిపించింది. పెద్దాయన కూడా చూసి తలూపారు. పాత దెబ్బే అయి ఉండొచ్చన్నారు. గాలి ఒక్క క్షణం ఆగినప్పుడు దాని గొంతు కూడా విన్నాం. బాతు కూతలా లేదు. ఎలుకపిల్ల కీచుమన్నట్టు, సన్నగా, రెండుసార్లు. ఈ కూత వల్లే వీటిని కొన్ని చోట్ల సముద్రపు ఎలుకలంటారు. ఒంటరిది కదా, ఎవర్ని పిలుస్తోందో.

గంటన్నర చూశాం. పెద్దాయన తన స్కోప్‌లోంచి ఒక్కసారి చూసి, ఆ తర్వాత చాలాసేపు ఉత్త కళ్లతోనే చూస్తూ నిలబడ్డారు. మేం ఒక్క అడుగు కూడా ముందుకి వెయ్యలేదు. ఎక్కడ చూశామో వెంటనే పెట్టాలా వద్దా అని మాట్లాడుకున్నాం. వారం తర్వాత, చోటు కచ్చితంగా చెప్పకుండా పెడదామనుకున్నాం. అలాగే చేశాను. కొంతమందికి కోపం వచ్చింది. నా మటుకు నేను సరైన పనే చేశాననుకుంటున్నాను.

మంచు మొదలైంది. బాతు కొస తిరిగి కనబడకుండా పోయింది. వెళ్లేముందు పెద్దాయన దారి పక్కన, తుఫాను అలలు ఎప్పుడో విసిరేసిన నాచు గుట్ట చూపించి చూడమన్నారు. అక్కడ అల రాదు, జారదు. వంగి ఒక రాయి తీశాను. ఒక వైపు చారల గవ్వలు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి. ఓడల్లో బరువు కోసం నింపే నీళ్లతో పాటు వచ్చి 1988లో ఈ పెద్ద సరస్సుల ప్రాంతంలో బయటపడిన జీబ్రా మసెల్స్, వాటి చుట్టాలు. వాటి మధ్య సందుల్లో మెంతి గింజంత నత్తలు. ఇంకా చిన్నవి, రొయ్యపిల్లలా వంకర తిరిగి, గడ్డకట్టిపోయి రెండు మూడు. అరచేతిలో పెట్టుకుని ఫోటో తీసి నాన్నకి పంపాను. బాతు ఫోటో మసగ్గా వచ్చింది, అదీ పంపాను.

అక్కడ అర్ధరాత్రి దాటింది. అయినా మేలుకునే ఉన్నారు, వెంటనే ఫోన్ చేశారు. బాతు గురించి అడుగుతారనుకున్నాను.

"ఆ అరచేతిలోయి నత్తలేనా అమ్మలూ?"

"నత్తలే నాన్నా. చిన్నవి."

"మరి ఆ వంకరవి?"

"రొయ్య జాతి పురుగులంట. ఇవే తింటుంది."

"మేత బానే ఉందమ్మా అయితే" అన్నారు. "ఉంటది. మార్చి దాకా ఉంటది."

మార్చి 19న ఆఖరిసారి చూశాను, అదే కొస మీద.